మా ఇంటి వైఫైలో అమరేందర్

నా తమ్ముడు దామోదర్‌ను ఎవరైనా "మంచోడే గని కోపం జరెక్కువ" అన్నారంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కోపం నాకు లేదా? కొత్తకోట బస్టాండు నుంచి మా ఊరి దాకా నా నోటికి జడవని మనిషిని ఒక్కణ్ణి చూపించండి. అంగన్‌వాడీ పిల్లలకు పురుగుపట్టిన పప్పు పంపినవాణ్ణి నడిబజార్లో నిలబెట్టి కడిగేసినదాన్ని. అయినా ఇంతవరకు ఎవరి చెయ్యీ విరగ్గొట్టలేదు. కోపం వేరు, కొట్టడం వేరు. ఆ తేడా తెలియనట్టు నటించేవాళ్లతోనే నాకు పేచీ.

సరే, ఇది వాడి కథ కాదు. వాడి భార్య, నా మరదలు నాగరాణి కథ.

నాగరాణిది దేవరకొండ దిక్కు. గుట్టల నడుమ నాలుగిళ్ల గూడెం. తండ్రికి మేకలుండేవి. ఇంకా లంగా జాకెట్టు వేసుకునే వయసులో మేకల వెంట పోయినప్పుడు ఊరకుక్కల గుంపు మందమీద పడిందట. పెద్దవాళ్లెవరూ దగ్గర లేరు. ఒక పిల్లమేకను కుక్క గొంతు దగ్గర పట్టుకుంటే ఈ పిల్ల తన ఎడమచెయ్యి దాని నోట్లోకి దూర్చి, కుడిచేత్తో రాయి పెట్టి తల పగలగొట్టింది. ఆ పళ్ల గాట్లు ఇప్పటికీ మోచేతి కింద ఉన్నాయి. ఎవరైనా అడిగితే "కుక్క సచ్చింది, మేకపిల్ల బతికింది" అని ఊరుకునేది. అంతకుమించి చెప్పుకోవడం ఆమెకు రాదు.

మా ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో గొర్రెల దొంగలు పడ్డారు. మిట్టమధ్యాహ్నం ఇద్దరు బండి మీద వచ్చి దొడ్లోంచి పొట్టేలును ఎత్తుకుపోతున్నారు. నాగరాణి చేతిలో కట్టె ఉంది. అరవలేదు, పిలవలేదు. ఎదురుపోయి బండి నడిపేవాడి మోకాలి మీద ఒక్కటి వేసింది. వాడు బండితో సహా మురికికాల్వలో పడ్డాడు. రెండోవాడు పారిపోయాడు. మా నాయిన గోపయ్య ఆ రోజు నుంచి ఆమెను కోడలు అనలేదు. "మా రాణెమ్మ" అనేవాడు. కల్లు తాగినప్పుడైతే "నాకు కొడుకు పుట్టలే, కోడలే పుట్టింది" అని ఊరంతా వినేటట్టు అరిచేవాడు. ఆ మాట దామోదర్ చెవిన పడేది. వాడికి ఒళ్లు మండేది.

తండ్రీకొడుకుల మధ్య అసలు మంట గొర్రెలతో మొదలైంది. దామోదర్‌కు గొర్రెల వెంట తిరగడం నామోషీ. హైవే పక్కన టైర్ల దుకాణం పెడతానన్నాడు. మా నాయిన అంగడికి పోయిన రోజు చూసి లారీ పిలిపించి మందంతా ఎక్కించాడు. నాయిన తిరిగివచ్చేసరికి లారీ వాకిట్లోనే ఉంది. ముసలాయన వెళ్లి లారీకి అడ్డం పడుకున్నాడు. దామోదర్ కన్నతండ్రిని కాళ్లు పట్టి ఈడ్చి పక్కకు పారేశాడు. నాయిన తల బండకు తగిలి నెత్తురు కారింది. నాగరాణి వచ్చి మొగుడి చెంప మీద ఛెళ్లున కొట్టింది, అందరి ముందూ. వాడు తిరిగి కొట్టాడు. లారీ వెళ్లిపోయింది.

ఆ రోజుతో తండ్రికీ కొడుక్కీ మాటల్లేవు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే వాకిలి. అయినా ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మా దిక్కు ఇది వింతేమీ కాదు. మాటలు బందైతే ఏళ్లకేళ్లు బందే, చావుకో పెళ్లికో తప్ప కలవవు. ఏదన్నా చెప్పాల్సి వస్తే నాగరాణిని మధ్యలో పెట్టి చెప్పుకునేవాళ్లు. "రాణెమ్మా, ఆయనకు జెప్పు, మోటరు కాలిపోయింది." "ఏయ్, ముసలాయనకు జెప్పు, నేనే తెస్తా." ఇద్దరూ అక్కడే ఉంటారు, రెండు మూరల దూరంలో. మధ్యలో ఈ పిల్ల రొట్టెలు కొడుతూ ఉంటుంది. ఆమె చెప్పినదే వాళ్లకు తెలుస్తుంది, ఆమెకు చెప్పాలని తోచనిది తెలియదు. ఇది గుర్తుపెట్టుకోండి.

గొర్రెలు పోయాక మా నాయిన ఇంటి వెనక చెలకలో పల్లీలు వేశాడు. పల్లీలు వేస్తే కోతులు రాకుండా ఉంటాయా? గుట్ట మీదినుంచి మంద మందగా దిగేవి. అవి తినేది తక్కువ, పీకి పారేసేది ఎక్కువ. ఒకసారి నాయిన కర్రతో అదిలిస్తే పెద్దకోతి మీదికి దూకి పిక్కలో కండ ఊడేటట్టు కరిచింది. దవాఖానలో కుట్లు వేశారు. మర్నాడు నాగరాణి కొంగు బిగించి చేలోకి దిగింది. ఒడిసెలతో రాయి వేస్తే గురి తప్పేది కాదు. ఒక కోతి నెత్తురు కక్కుకొని గట్టు మీద పడింది. ఊళ్లోవాళ్లు ఆంజనేయుణ్ణి కొట్టావని శాపనార్థాలు పెట్టారు. "మీ చేన్ల మీదికి తోలుతా, పూజ చేసుకోండ్రి" అంది.

రోజంతా చేలో కాపలా ఉంటే బర్రెల పని ఎవరు చూస్తారు? అందుకని నాయిన బజార్లో కుక్కల మొరుగుడు, పులి గాండ్రింపు వినిపించే డబ్బా కొనుక్కొచ్చాడు. మైకు, మెమరీ కార్డు ఉంటాయి అందులో. ఊరూరా ఉన్నవే. ఒక వారం కోతులు భయపడ్డాయి. తర్వాత అదే మొరుగుడు, అదే గాండ్రింపు అని వాటికీ తెలిసిపోయింది. డబ్బా మీదే కూర్చుని పల్లీలు ఒలుచుకు తిన్నాయి. అప్పుడు మా మేనకోడలు సుమన, నాగరాణి కూతురు, తాతకు ఒక ఉపాయం చెప్పింది. సుమన గురుకులంలో చదువుతుంది, సెలవులకే ఇంటికొస్తుంది. "తాతా, పాత ఫోనొకటి తే. మన వైఫై చేను దాక వస్తది. యూట్యూబ్‌ల రకరకాల సప్పుళ్లు పెడతా, కోతులు పిచ్చిలేసి ఉరుకుతయి." నాయిన కొత్తకోటలో ఒక పాత ఫోన్ల దుకాణంలో అద్దం పగిలిన ఫోను కొన్నాడు. సిమ్ము లేదు. సుమన పాస్‌వర్డు కొట్టి నెట్టు కలిపింది. పులులు, వేటకుక్కలు, డప్పులు, మనుషుల అరుపులు, కొట్లాటలు, ఆడవాళ్ల కేకలు, అన్నీ వరసగా వచ్చేటట్టు పెట్టి హాస్టలుకు వెళ్లిపోయింది. నాయిన రోజూ పొద్దెక్కాక ఆ ఫోనును స్పీకరుకు కలిపి గట్టు మీది కంబానికి కట్టేవాడు. పొద్దుగూకే ముందు విప్పి, బంద్ చేసి తెచ్చి తన మంచం దగ్గర చార్జింగు పెట్టుకునేవాడు.

దామోదర్ పొద్దున టీ తాగి దుకాణానికి పోతే చీకటిపడ్డాకే రావడం. చేలో డబ్బా ఉందని తెలుసు. డబ్బా పోయి ఫోను వచ్చిందని తెలియదు. నాయిన చెప్పడు, వాడు అడగడు. నాగరాణికి అది చెప్పుకోదగిన సంగతి అనిపించలేదు.

ఇక నెట్టు సంగతి. మా ఊరికి వైరు లైను వచ్చినప్పుడు మొదట పెట్టించుకున్నది దామోదరే. నెల సగానికి రాకముందే వాడకం హద్దు దాటేది. తర్వాత నెట్టు నత్తనడక నడిచేది. రాత్రి వాడు ఫోను తీసి వీడియో పెడితే గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. "ఎవడు తాగుతున్నడ్రా నా నెట్టు?" అని గోడలను తిట్టేవాడు. దుకాణంలో ఖాళీగా ఉన్నప్పుడు వీడియోలు చూసి నేర్చుకున్నాడు. వెనక పెన్‌డ్రైవ్ పెట్టుకునే సందున్న రౌటరును హైదరాబాద్ నుంచి తెప్పించి పాతదాన్ని పీకి, అదే పాస్‌వర్డుతో ఇది బిగించాడు. ఏ ఫోను ఎప్పుడు కలిసింది, ఎంత వాడింది, ఎప్పుడు విడిపోయింది, అన్నీ ఆ రౌటరు రాసిపెడుతుంది. దానికొక యాప్ ఉంది, దుకాణంలో కూర్చునే చూడొచ్చు. కాకపోతే కరెంటు పోయి వచ్చిందంటే రాసిందంతా చెరిగిపోతుంది. మా ఊరి కరెంటు సంగతి తెలిసిందే. అందుకని పెన్‌డ్రైవ్ గుచ్చి, లెక్కంతా రోజూ అందులోకి చేరేటట్టు చేశాడు. పని బాగానే చేశాడు, కాదనను. తెలివి లేనివాడు కాదు. ఆ తెలివి గడ్డి తిన్నది తర్వాత.

యాప్‌లో తన ఫోనుకు "నేను" అని, నాగరాణి ఫోనుకు "రాణి" అని పేర్లు పెట్టాడు. వాడు పెట్టని పేరొకటి దానంతటదే వచ్చి కూర్చుంది. అమరేందర్. పాత ఫోను మొదటి సొంతదారు ఎవడో అందులో తన పేరు పెట్టుకున్నాడు. అమ్మినవాడూ చెరపలేదు, కొన్నవాడికీ తెలియదు. మా నాయినకు ఇంగ్లీషు అక్షరాలు రావు.

వాడి కళ్లతో చూడండి ఒకసారి. తను ఇంటినుంచి బయల్దేరిన కాసేపటికి అమరేందర్ వస్తాడు. తను వచ్చేలోపల వెళ్లిపోతాడు. ఇవాళా అంతే, నిన్నా అంతే. పెన్‌డ్రైవ్ తీసి చూస్తే పోయిన వారమూ అంతే. ఒక్కమాట, ఒకే ఒక్కమాట పెళ్లాన్ని అడిగి ఉంటే అయిపోయేది. "మన నెట్టుకు ఇంకో ఫోను పడ్డది, ఎవలది?" అంటే "మామది, కోతులకు" అని రొట్టె కొడుతూనే చెప్పేది. అడగలేదు సచ్చినోడు. అడిగితే జాగ్రత్త పడుతుందని, పట్టుకుంటానని, కళ్లలో వత్తులు వేసుకొని కాచుకున్నాడు.

మధ్యాహ్నం మూడు దాటి ఉంటుంది. దుకాణంలో యాప్ తెరిస్తే అమరేందర్ ఉన్నాడు. దుకాణం తెరిచినది తెరిచినట్టే వదిలి, టైర్లు విప్పే ఇనుప టామీ చేతిలో పట్టుకొని బండెక్కాడు. ఇంటికొచ్చి వాకిలి తలుపు లోపలినుంచి గడియ వేశాడు. నాగరాణి అప్పుడే చేలోంచి వచ్చి మొహం కడుక్కుంటోంది. జుట్టు చెదిరి ఉంది, రవిక చెమటకు తడిసింది. ఎండలో పని చేసొచ్చిన మనిషి మరెట్లా ఉంటుంది? వాడికి అదొక సాక్ష్యమైంది.

"యాడ దాసినవే?"

"ఏంది దాసేది? దుకాణం ఇడిసిపెట్టి ఈ యాళప్పుడు వచ్చినవేంది?"

వాడు ఇల్లంతా వెతికాడు. మంచాల కింద చూశాడు. గింజల గుమ్మి మూత తీసి టామీతో లోపల పొడిచాడు. పశువుల కొట్టంలో గడ్డి అంతా చిమ్మేశాడు. స్నానాలగది రేకు తలుపును తన్నాడు. ఎవరూ లేరు. ఫోను తీసి చూస్తే అమరేందర్ ఇంకా ఉన్నాడు, నెట్టు వాడుతూనే ఉన్నాడు. మనిషి దొరక్కపోయేకొద్దీ వాడికి పిచ్చెక్కింది. జుట్టు పట్టుకొని ఆమెను గోడకేసి కొట్టాడు.

"అమరేందర్ యాడ?"

"ఏ అమరేందర్? పాలసెంటర్ అమరేందరా? ఆయన ఈడెందుకుంటడు?"

మా ఊళ్లో ఆ పేరుగలవాళ్లు ముగ్గురున్నారు. అంతవరకు వాడికి ఏ అమరేందరో తెలియదు. పాపం, ఈ పిచ్చిది అమాయకంగా అడిగిన ప్రశ్నతో తెలిసిపోయిందనుకున్నాడు. ఇక కొట్టడం మొదలైంది. పక్కటెముకల మీద తన్నాడు. ఆమె ఊరుకునే రకం కాదు, వాడి మణికట్టును పళ్లు దిగేదాకా కరిచింది. ఇత్తడి చెంబు తీసి వాడి నుదురు చీల్చింది. వాడు టామీ ఎత్తాడు. తలకు తగలకుండా ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి రెండు చోట్ల విరిగింది. మళ్లీ ఎత్తాడు. ఈసారి భుజం.

ఆమె అరిచింది. మొదటిసారిగా ఆ మనిషి గొంతు చించుకొని అరిచింది. "వదినా" అని నన్ను పిలిచిందట. "మామా" అని చేనువైపు అరిచిందట. చేలో స్పీకరు మోగుతోంది. పులి గాండ్రిస్తోంది, కుక్కలు మొరుగుతున్నాయి, మనుషులు కొట్టుకుంటున్నారు, ఎవరో ఆడమనిషి కేకలు పెడుతోంది. ఎడమపక్క ఇంటి సుక్కమ్మ వాకిట్లోనే కూర్చుని బియ్యం ఏరుతోంది. నాగరాణి కేకలు ఆమెకు వినబడ్డాయి. కోతుల కోసం పెట్టిందే అనుకుంది. "ఇయ్యాల జర గట్టిగ పెట్టిండు గోపయ్య" అని కూడా అనుకుందట. నా చేతిలో ఉంటే ఆ యూట్యూబును తగలబెడతాను.

ఆమె కదలకుండా పడిపోయాక వాడు టామీ పట్టుకొని పాలసెంటరుకు పోయాడు. అమరేందర్ పాల క్యాన్లు కడుగుతున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఆడవాళ్లు పాలు పోస్తుంటే తల ఎత్తకుండా కొలత చూసేవాడు. వెనకనుంచి వీపు మీద ఒకటి, తిరిగితే దవడ మీద ఒకటి. పళ్లు రాలి పాలల్లో పడ్డాయి. కిందపడినవాణ్ణి కాళ్ల మీద కొడుతుంటే పాలు పోయడానికి వచ్చినవాళ్లు నలుగురూ కలిసి దామోదర్‌ను ఒడిసి పట్టారు. అమరేందర్ తమ్ముళ్లు వచ్చారు. కరెంటు స్తంభానికి కట్టేశారు. ఇక ఎవడికి దొరికింది వాడు తీసుకొని బాదారు.

నేను టీచరుగా ఉన్న అంగన్‌వాడీ ఆ పక్క సందులోనే. గోల విని ఉరికాను. నా తమ్ముడి మొహం గుర్తుపట్టలేనట్టుగా ఉంది. నన్ను చూసి "అక్కా, నా ఫోను సూపియ్యి వీళ్లకు! గీడు రోజు నా ఇంటికొస్తుండు! వీని పేరు నా రౌటర్‌ల ఉన్నది!" అని ఏడుస్తూ అరిచాడు. ఫోను మట్టిలో పడి ఉంది. తీశాను. యాప్ తెరిచే ఉంది. అమరేందర్ అన్న పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. అంకెలు పెరుగుతున్నాయి. అమరేందర్ నా కాళ్ల దగ్గర నెత్తురు కక్కుతున్నాడు.

ఆయన తమ్ముడొకడు ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి నా మొహం మీదికి చాపాడు. బటన్ల ఫోను. నంబరు కొట్టి మాట్లాడటం తప్ప దానికేమీ రాదు.

"గీ డొక్కు ఫోనుకు నెట్టొస్తదా? జెప్పు టీచరమ్మా, వస్తదా?"

"రాదు" అన్నాను. అప్పుడు గుంపులో ఎవడో దిక్కుమాలినవాడు అన్నాడు: "మరి ఇంట్ల ఉన్నోడెవడు?" అంతే, మా ఇంటివైపు కదిలారు. ఇంకొకడెవడినో పట్టుకొని చంపుదామని. చేతుల్లో కట్టెలున్నాయి. నేను వాళ్లకంటే ముందు ఉరికాను. తలుపు తోసి చూస్తే నాగరాణి గుమ్మానికి అడ్డంగా పడి ఉంది. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

"వదినా, ఎందుకు కొట్టిండో జెప్పలే" అంది.

జనం ఇల్లంతా తొక్కేశారు. నా చేతిలోని ఫోనులో ఇంకా పచ్చచుక్క ఉంది. ఈ గలాటా చేను దాకా వినబడి మా నాయిన కుంటుకుంటూ వెనక తలుపులోంచి వచ్చాడు. చేతిలో స్పీకరు, దానికి వైరుతో కట్టిన పగిలిన ఫోను. అది ఇంకా మొరుగుతోంది. కోడలిని చూసి, ఏమైందో అర్థం కాక, ముందు ఆ చప్పుడు ఆపాలని ఫోను మీట నొక్కిపట్టి బంద్ చేశాడు. నా చేతిలో అమరేందర్ పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయింది.

నేను నాయిన ఫోనును మళ్లీ వేయించాను. చుక్క వెలిగింది. బంద్ చేయించాను. ఆరింది. గుంపు మొత్తం చూసింది. కట్టెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. మా నాయినకు నేను చెప్పింది తలకెక్కడానికి కాసేపు పట్టింది. తర్వాత ఆ ఫోను పట్టుకొని పాలసెంటరు దాకా నడిచాడు. స్తంభానికి కట్టేసి ఉన్న కొడుకు ముందు నిలబడ్డాడు. అన్నేళ్ల తర్వాత వాడితో మొదటి మాట మాట్లాడాడు.

"గీ ఫోను నాదిరా, లంజకొడకా. కోతులకు కట్టిన."

ఫోనును వాడి మొహాన విసిరి కొట్టి, అక్కడే నేలమీద కూలబడి, నోట కుక్కుకోవడానికి కొంగు కూడా లేని ఆ మగమనిషి రెండు చేతులతో తలబాదుకొని ఏడ్చాడు.

నాగరాణిని వనపర్తి దవాఖానకు, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయాం. చేతికి రాడ్డు వేశారు. అమరేందర్ దవడకు తీగలు కట్టారు. నెలల తరబడి గొట్టంతో గంజి తాగాడు. ఆయన తమ్ముళ్లు పెట్టిన కేసులో దామోదర్ జైలుకు పోయి బెయిలు మీద వచ్చాడు. చేలో పల్లీలన్నీ కోతులే పీకేశాయి. అటువైపు చూసే దిక్కు లేదు.

దవాఖాన నుంచి నాగరాణిని నేరుగా నా ఇంటికి తీసుకొచ్చాను. ఆమె తరఫు ఫిర్యాదు రాసి తెమ్మని స్టేషన్లో అన్నారు. ఆమె కుడిచెయ్యి లేవదు. ఆమె చెబుతుంటే నేను రాస్తున్నాను. ఆ రోజే కులపెద్ద దశరథం మరో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు. దామోదర్‌ను కూడా తెచ్చాడు. దేవరకొండ నుంచి నాగరాణి అన్న లింగస్వామిని పిలిపించాడు. నా వాకిట్లో మంచాలు వేసుకొని కూర్చున్నారు.

దామోదర్ వచ్చీరాగానే ఆమె కాళ్లమీద పడ్డాడు. "తప్పైంది రాణీ, నీ తప్పేం లేదని తెల్సింది, ఇంటికి రా" అని ఎక్కెక్కి ఏడ్చాడు. అబద్ధపు ఏడుపు కాదు. నా తమ్ముడు నాకు తెలుసు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

దశరథం జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి మంచం మీద పెట్టాడు. "సూడు బిడ్డా, దీంట్ల అంతా ఉన్నది. ఏ రోజుకారోజు. ఆ నెట్టు మీ మామ ఫోనుదే అని ఊరంతకు ఎర్కైంది. నీ పేరుకు మరక లేదు. నువ్వు బంగారమసోంటి పిల్లవు. ఇగ కేసులు గీసులు ఎందుకు? పాలాయినను మేం సముదాయిస్తం."

"ఔ చెల్లే," అన్నాడు లింగస్వామి. "మన ఇజ్జత్ దక్కింది. గదే పదివేలు."

"ఆమె గూడ తక్కువ కొట్టలే గద. వాని నెత్తి పగిలింది" అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

నాకు ఆగలేదు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది నేనూ చూశానని, నెట్టంతా తాగింది ఎవరో తెలుసా అని, రాత్రిళ్లు నిద్రపోకుండా వీడియోలు చూసే దామోదర్ పెట్టుకున్న "నేను" అన్న పేరే పైన ఉందని, దాని మీద వాడి కన్నే పడలేదని లేచి అరిచాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వినందుకు వాళ్లనూ తిట్టాను. నాగరాణి ఎడమచెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"పెద్దనాయినా, నా మంచితనం గీ పుల్లంత ముక్కల ఉన్నదా?" అంది. "కరెంటు పోతే మొత్తం చెరిగిపోతుండె అంటున్నరు. గిది లేకుంటే నేను చెడ్డదాన్నా?"

"గట్ల కాదు బిడ్డా..."

"ఆగుండ్రి. మీతోని కాదు, ఆయనతోని మాట్లాడాలె." దామోదర్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "గుమ్మిల పొడిసినవు. గడ్డి ఎత్తి సూసినవు. ఎవ్వలు దొరకలే. నిజంగనే ఒక మనిషి దొరికుంటే నన్నేం జేస్తుంటివి?"

వాడు తల దించుకున్నాడు.

"ఇగ గా ముచ్చటెందుకు" అన్నాడు దశరథం.

"ఆయన జెప్పాలె."

నా తమ్ముడికి ఎన్ని రోగాలున్నా అబద్ధమాడటం మాత్రం రాదు. తల ఎత్తకుండానే అన్నాడు: "సంపుతుంటి."

నేను ఒక్కొక్కరి మొహం చూశాను. ఎవరూ ఉలిక్కిపడలేదు. దశరథం, అవును మరి అన్నట్టు గడ్డం నిమురుకున్నాడు. "ఎవడైనా గదే జేస్తడు" అన్నాడు వెనకున్నవాడు. ఆమె తోడబుట్టిన లింగస్వామి కూడా తల ఊపాడు. అందరికంటే ముందు ఆమె అదే చూసింది.

"ఇన్నవా వదినా?" అంది నాగరాణి. "గదే రాయి. కాయితంల గదే రాయి."

దశరథం లేచి "స్వరూపా, వాడు నీ సొంత తమ్ముడు, యాదుంచుకో" అన్నాడు. దామోదర్ నా వైపు చూశాడు. చిన్నప్పుడు నాయిన కొట్టబోతే నా వెనక దాక్కునేవాడు, ఆ చూపే. అయినా రాశాను. ఆమె అడిగింది, వాడు చెప్పింది, అన్న తల ఊపింది, ఒక్క అక్షరం వదలకుండా రాశాను. నాగరాణి ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసింది. కింద సాక్షుల దగ్గర మొదటి పేరు నాదే రాసుకున్నాను: స్వరూప, నిందితుడి అక్క.